వెనకాల ఇంకొకరు

జనవరి 11, శనివారం

పొద్దున్నే ఐలి షెడ్డుకొచ్చింది. నేను పడవ మోటారొకటి విప్పుకుని కూర్చుంటే, బల్ల మీది నట్లూ బోల్టులూ మోచేత్తో పక్కకి తోసి మ్యాపు పరిచింది. చెల్లెలు కాబట్టి ఊరుకున్నాను. కెనడా పడమటి మైదానాల్లో దక్షిణ సస్కాచెవాన్ మ్యాపు. అడవి అని పచ్చగా గీసిన చోటంటూ లేదు. కాయితం నిండా రోడ్ల గళ్లే, గళ్ల దుప్పటి పరిచినట్టు.

ఫిబ్రవరి పదిహేనున బయల్దేరదామంటుంది. ట్రైలరు మీద మూడు స్నోమొబైళ్లు, మా మంచుబండ్లు, కట్టుకుని పద్నాలుగు గంటలు పడమటికి. స్లావ్కా అనే ఊళ్లో మకాం, అయిదు రోజులు మైదానంలో తిరుగుడు. తను, నేను, మెల్విన్. మొగుడు తౌనో సరస్సులో పోయిన పది నెలల్లో ఒక్కసారి కూడా బండెక్కని మనిషి మోటెల్లో గదులు కూడా మాట్లాడేసి వచ్చింది.

"దారిలో ఒక్క సరస్సు కూడా దాటక్కర్లేదన్నయ్యా" అంది.

ఆ మాటకి నేనేమని కాదంటాను? సరేనన్నాను. తను వెళ్లాక మోటారు పని ముందుకు సాగలేదు. చదును నేలంటే నాకు పడదు. యాభై ఆరేళ్లుగా చెట్ల మధ్య బతికినవాణ్ణి. అడవిలో బాటకి రెండు పక్కలా గోడలుంటాయి, పరధ్యానంగా ఉన్నా బండి పోవలసిన చోటికే పోతుంది. అక్కడ గోడలేవి? అదే నా భయం. ఇంకేం లేదు.

జనవరి 13

మైదానంలో వాగు గండ్లు ఉంటాయట. గాలి వాటి అంచుల మీద మంచు పేర్చి కప్పెడుతుందట. మబ్బు పట్టిన రోజు నేల ఎక్కడ తెగిందో కనిపించదట. ఆకాశం, నేల ఒకటే తెలుపు.

జనవరి 14

ముళ్లకంచెలు కూడా. పొలానికీ పొలానికీ మధ్య మూడు వరసల తీగ. కింది రెండూ మంచులో కూరుకుపోయి పై తీగ ఒక్కటే మిగులుతుంది. బండి మీద కూర్చున్నవాడి మెడకి సరిగ్గా అంత ఎత్తులో.

ఇదంతా మెల్విన్‌తో చెప్పాను. మెల్విన్ మా జట్టులో ఎప్పుడూ ముందు నడిచేవాడు, ముప్ఫయ్యేళ్ల స్నేహం. మొత్తం విని, కాఫీ ఊదుకుని తాగి, "కొండలంటే జడిసేవాణ్ణి చూశా, నీళ్లంటే జడిసేవాణ్ణి చూశా, చదునంటే జడిసే మొనగాణ్ణి నిన్నే చూస్తున్నా రా ఆర్వో" అన్నాడు. హోటల్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

కంచె సంగతి వాడు పట్టించుకోలేదు. ఆ కంచెలు ఎక్కడెక్కడున్నాయో మనకి ఎవరు చెప్తారు అన్నాను. "అక్కడి క్లబ్బువాళ్లు దారి చూపిస్తారు, ఐలి ఎవరితోనో మాట్లాడింది" అన్నాడు.

ఎవరితో మాట్లాడిందో వాడు అడగలేదట.

జనవరి 18, శనివారం

తెలిసింది.

శనివారం కదా, మామూలుగానే ఐలి ఇంటికి ఆవిరిస్నానానికి వెళ్లాను. అయ్యాక కాఫీ, ఏలకుల రొట్టె. చెమట ఇంకా ఆరలేదు. తను రొట్టె కోస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. స్లావ్కా ఆ రోజు సరస్సు మీద మాకు ఎదురొచ్చిన లోర్న్ హ్రిట్సాక్ ఊరట. క్లబ్బులో దారులు చూసే మనిషి అతనేనట. తను ఉత్తరం రాస్తే రమ్మన్నాడట.

"ఒక్క మాట అడగాలన్నయ్యా అతన్ని. ఫోన్లో కాదు, మొహం చూసి. వెనకాల ఇంకొకడున్నాడని నువ్వు చెప్పావు కదా. చూసి కూడా ఎలా వెళ్లిపోయావయ్యా అని అడగాలి."

నా పళ్లెంలో రొట్టె ముక్క పెట్టింది. వెన్న తన చేత్తో రాసి పెట్టింది. తిన్నాను. ఏం తిన్నానో తెలీదు.

జనవరి 19

బొటనవేలే చూపించాను.

జనవరి 20

పోలీసులకి చెప్పినది చెప్పినట్టు ఇక్కడ రాసుకుంటాను. వెళ్లేసరికి మాట తడబడకూడదు.

మార్చి తొమ్మిది, మధ్యాహ్నం మూడున్నర. ఓస్కార్ సరస్సు నుంచి తిరిగి వస్తున్నాం. ముందు మెల్విన్, మధ్యలో నేను, చివర మా బావ తౌనో. సరస్సు సన్నబడే చోట అవతలి నుంచి ఆరు బండ్లు ఎదురొచ్చాయి. పడమటి నుంచి సెలవులకి వచ్చినవాళ్లు. ఆ కానిస్టేబుల్ పట్నం మనిషి, సైగలు కూడా విడమర్చి చెప్పాల్సొచ్చింది. ఎదురు బండ్లు తగిలితే ఎడమ చెయ్యెత్తాలి. మన వెనక ఇంకా మనవాళ్లుంటే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపాలి. మనమే చివరైతే పిడికిలి. బొటనవేలు చూసినవాడికి ఆ వెనక మనిషి ఓ మైలు లోపల ఎదురుపడకపోతే ఆగి వెతకాలి. ఇది ఎక్కడా చట్టంలో లేదు సార్, కానీ తప్పినవాడితో ఈ ప్రాంతంలో ఎవరూ కలిసి నడవరు, అని చెప్పాను. అతను రాసుకున్నాడు.

మెల్విన్ బొటనవేలు చూపించాడు. నేనూ బొటనవేలు చూపించాను. వాళ్లు ఆగలేదు. తౌనో అప్పటికే మలుపు అవతల, ప్రవాహం లాగే చోట మంచు విరిగి నీళ్లలో ఉన్నాడు. బాటకి నూట యాభై గజాలు. అంచు పట్టుకుని అరగంట పైన ఉండగలిగాడని డాక్టరు చెప్పాడు.

వాళ్లలో ముందున్నవాడు హ్రిట్సాక్. పిడికిలి చూశాననే చెప్పాడు. మిగతా అయిదుగురు ఏమీ గమనించలేదు. మెల్విన్ నాకు ముందున్నాడు, వాడికి వెనక కళ్లు లేవు. అంటే నా మాట, అతని మాట. మా ఊళ్లో ఎవరి మాట నిలుస్తుంది?

ఇంతే. తడబడలేదు.

జనవరి 22

ఇవాళ హోటల్లో మళ్లీ ఆ పడమటివాళ్ల మాటొచ్చింది. అక్కడికే పోతున్నామని మెల్విన్ ఊరంతా చాటాడు మరి. పెట్రోలు బంకు ముసలాయన ఆ హ్రిట్సాక్ కనిపిస్తే తన తరఫున కూడా ఒకటి అంటించమన్నాడు. మనిషి ప్రాణం పోతుంటే పక్కనుంచి పోయి, పైగా చూసినవాణ్ణి అబద్ధాలకోరంటాడా అని ఒకామె. అందరూ నా వీపు తట్టారు.

ఏడాదిగా తడుతూనే ఉన్నారు. మొదట్లో బాగానే ఉండేది.

జనవరి 25, శనివారం

ఐలి తన బండి షెడ్డుకి తెచ్చింది, ఊరు కాని ఊరు కదా మొత్తం ఒకసారి చూడమంది. మైదానంలో గాలి మంచుని రాయి చేసేస్తుంది, పొడి ఎగరదు, పొడి ఎగరకపోతే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. అందుకని బండి కింద నేలని గీకే తీగ ఊచలు బిగించాలి. అవి మూడు బండ్లకీ బిగించే పని నాదే. బిగిద్దామనే మొదలుపెట్టాను.

తర్వాత ఏం చేశానో రాస్తాను. ఐలి బండి నీళ్ల పంపు విప్పాను. విప్పి, ఫోను చేసి, పంపు పోయింది, కొత్తది తెప్పించాలంటే నెల పడుతుంది అన్నాను. పంపుకి ఏమీ కాలేదు. ఒకవేళ అయినా కొత్తది పై అరలో రంగు డబ్బాల వెనక పెట్టెలోనే ఉంది.

"నెలా?" అంది.

"నెల" అన్నాను.

అది మా చెల్లెలి మంచికే. ఆ కంచెలూ, ఆ గండ్లూ. ఆమె ఏడాదిగా బండి ముట్టలేదు, చేతులు మొద్దుబారి ఉంటాయి. అన్నవాడికి ఆ మాత్రం బాధ్యత ఉంటుంది.

ఇవాళ ఆవిరిస్నానానికి వెళ్లలేదు, జలుబన్నాను.

జనవరి 27

నెల పడుతుందంటే మెదలకుండా ఊరుకుంటుందనుకున్నాను. నలభై ఏడేళ్లుగా చూస్తున్నాను దాన్ని, నాకే బుద్ధి లేదు.

తౌనో బండి బాగుచెయ్యమంది. దాని మీదే వస్తుందట.

పోలీసులు ఏప్రిల్లో తెచ్చిచ్చిన రోజే మెల్విన్ నీళ్లన్నీ వంపి, సిలిండర్లలో నూనె పోసి, టార్పాలిన్ కప్పి ఉంచాడట. నాకు తెలీదు. ఆ పెరటి వైపు నేను వెళ్లలేదు. రెండు గంటల కల్లా మెల్విన్ దాన్ని ట్రక్కులో వేసుకొచ్చి నా షెడ్డులో దింపి, "నీ చేతిలో పడితే లేచి కూర్చుంటుంది రా" అని వెళ్లిపోయాడు.

దాని అద్దం విరగలేదు. అది నా వైపే తిరిగి ఉందని జరిపి పెట్టాను.

జనవరి 28

పని చెయ్యలేదు. షెడ్డు తాళం తియ్యలేదు.

జనవరి 29

కార్బురేటర్లు కడిగాను, వైర్లు మార్చాను. పని మంచిదే, పని చేస్తున్నంతసేపూ ఇంకేమీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం ఇంజను అందుకుంది కూడా, రెండుసార్లు దగ్గి.

తర్వాత సీటు వెనక పెట్టె తెరిచాను. పెట్టెలో బెల్టు, పానాలు, తాడు. వాటి కింద ఒక ఆకుపచ్చ సంచి. సంచిలో ఫ్లాస్కు, ఒక జత చేతి తొడుగులు. పోలీసుల జాబితాలో 'సంచి ఒకటి' అని ఉంది, ఐలి నాకు చూపించింది కూడా. తౌనోదనుకుంది.

ఆ సంచి నాది.

ఆ రోజు నా బండి వెనక తాడుతో కట్టి ఉండాలి అది. ఊరొచ్చాక చూసుకుంటే లేదు. పెట్రోలు కొట్టించుకున్న చోట మరిచానేమో అనుకున్నాను. ఆ తర్వాత జరిగినదాంట్లో సంచి ఎవడికి గుర్తు.

చివర వచ్చేవాడి పని అదే. ముందువాళ్ల బండ్ల మీంచి పడ్డవి ఏరుకుంటూ రావడం. తౌనో ఆగాడు. దిగి, తొడుగు విప్పి, నా సంచి తీసి, పెట్టెలో పెట్టి, మూత బిగించాడు. నన్ను అందుకోవాలని మలుపు దగ్గర బాట వదిలి మంచు మీద అడ్డదారి పట్టాడు.

నా వెనకాలే ఉన్నాడు.

జనవరి 30

పిడికిలి చూపించాను.

రాశాను. ఇల్లు కూలిపోలేదు. కాఫీ కాచుకున్నాను, తాగాను. ఇంకా రాస్తాను.

అద్దంలో రెండుసార్లు చూశాను, వెనక దీపం లేదు. తౌనో క్యాబిన్‌కి పోయే దారి అప్పుడే దాటాం. మనిషి చెప్పా పెట్టకుండా అటు తిరిగిపోవడం ఎరుగున్నదే, శీతాకాలంలో నాలుగైదు సార్లు అలాగే చేశాడు. మేం తిట్టుకుని వచ్చేసేవాళ్లం. అటే పోయుంటాడు అనుకున్నాను. ఆగి చూడాలి. చేతులు గడ్డకట్టి ఉన్నాయి, ఇంటికి పోవాలని ఉంది. ఎదురుగా దీపాలు కనబడగానే చెయ్యెత్తి వేళ్లు ముడిచాను. బొటనవేలు లోపలికి. ఆ మొదటి బండి మీద మనిషి నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

మర్నాడు కానిస్టేబుల్ మీరేం చూపించారని అడిగాడు. ఐలి పక్కనే నిలబడి ఉంది. బొటనవేలు అంది నా నోరు. నేను ముందుగా అనుకున్నది కాదు. కానీ ఒకసారి అన్నాక ఇంక అదే అంటూ వచ్చాను, వింటూ వింటూ నాకే అది జరిగినట్టు అనిపించేది.

వాళ్లు ఆగి వెతికితే నూట యాభై గజాలు. అరగంట సమయం. వాళ్లకి వెతకాల్సిన పని లేదని చెప్పింది నేను.

ఫిబ్రవరి 1, శనివారం

సంచి పొయ్యిలో పెట్టబోయాను. పెట్టలేకపోయాను. పై అరలో రంగు డబ్బాల వెనక పెట్టాను, పంపు పక్కన.

ఐలికి ఫోను చేసి బండి సిద్ధమని చెప్పాను. థాంక్స్ చెప్పి ఏడ్చింది. దాని చప్పుడు ఫోన్లో వినిపించమంది. స్టార్టు చేసి ఫోను దగ్గరగా పెట్టాను.

ఫిబ్రవరి 3

ఆ హ్రిట్సాక్ నన్ను చూడగానే గుర్తుపడతాడు. ఒకళ్లకొకళ్లం తల ఊపుకున్నాం. హెల్మెట్‌లో ఉన్నానే, మొహం కనబడదు. కానీ నా బండి పసుపు రంగు, దాన్ని గుర్తుపడతాడు. పేరు విన్నా చాలు. ఇదిగో ఈ అన్నగారే అబద్ధమాడింది అంటాడు, ఐలి ముందు, వాళ్లింట్లో. నిజం చెప్పేవాడి గొంతు వేరేగా ఉంటుంది. ఐలి పట్టేస్తుంది.

అతనికి ముందే ఫోను చేస్తే? ఆమె మనసు బాగోలేదు, ఆ విషయం ఎత్తకండి అంటే?

ఫిబ్రవరి 5

చేశాను.

దారి సంగతి అడిగే నెపంతో చేశాను. ఐలి అన్నయ్యనని చెప్పాను. పేరు మళ్లీ చెప్పమన్నాడు. తర్వాత మామూలుగానే మాట్లాడాడు. కంచెలున్న చోటల్లా కర్రలు పాతి నారింజ రంగు గుడ్డలు కట్టారట. గండ్లకి దూరంగా, పాత రైలు కట్ట మీదుగా తీసుకెళ్తాడట. గాలి లేచి ఏమీ కనబడకపోతే ఉన్నచోటే ఆగి ఇంజను ఆపెయ్యాలి, కదలకూడదు, అంతే సూత్రం అన్నాడు. మంచి మనిషిలా ఉన్నాడు. అది నాకు నచ్చలేదు.

ఐలి ఆరోగ్యం గురించి ఎత్తబోయాను. అతనే ఎత్తాడు.

"ఒక మాట చెప్పాలండీ మీకు. ఏడాదిగా తిరగేసి తిరగేసి చూస్తున్నా. నేను పిడికిలే చూశాననుకున్నా, ప్రమాణం చేసి మరీ చెప్పా. కానీ అంతలావు తొడుగులో ఒక వేలు బయటుందో లోపలుందో ఎవరికి తెలుస్తుంది చెప్పండి? మీరు చూపించిందే నిజమై ఉంటుంది. చెయ్యి మీది కదా. నేనే సరిగ్గా చూసుండను."

దారి రాసుకున్న కాయితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

క్లబ్బులో ముందు నడవడం మానేశాడట. నా కళ్లని నేనే నమ్మలేనప్పుడు నా వెనక పదిమందిని ఎలా తీసుకెళ్తానండీ అన్నాడు. భార్య ఎంత చెప్పినా వినలేదట. మీకోసం మాత్రం నడుస్తానన్నాడు. ఐలి వచ్చిన రోజే, వాళ్లింట్లోనే, ఆమెని క్షమించమని అడుగుతాడట. అంతకుముందే చెప్పొద్దు, నా నోటితో నేనే చెప్పాలి అన్నాడు.

సరేనండీ అన్నాను. సరేనండీ అని ఫోను పెట్టేశాను.

ఫిబ్రవరి 6

బయటపడ్డాను.

ఫిబ్రవరి 7

బయటపడ్డాను. ఇంక నన్ను పట్టుకునేవాడే లేడు. అతని నోటితో అతనే ఒప్పుకుంటాడు. ఐలికి శాంతి దొరుకుతుంది. ఏడుస్తుంది, అతని మీద చెయ్యి వేస్తుంది, ఫర్వాలేదంటుంది, దానిది అలాంటి గుణమే. నేను పక్కన నిలబడి ఉంటాను. వాళ్లావిడ కాఫీ ఇస్తుంది. అందరికీ మంచిదే.

పొద్దుటి నుంచి ఏమీ తినలేకపోయాను. జలుబు నిజంగానే పట్టినట్టుంది.

ఫిబ్రవరి 8, శనివారం

ఆవిరిగది బయటి అరుగు మీద ఐలి, లోపల నేనూ మెల్విన్. వేడి రాళ్ల మీద నీళ్లు పోస్తూ మెల్విన్, నువ్వు చిక్కిపోయావేంట్రా అన్నాడు. చదును నేల భయమన్నాను. ఈసారి నవ్వలేదు వాడు.

కాఫీ దగ్గర ఐలి చాలా తేలిగ్గా ఉంది. రోజులు లెక్కపెడుతోంది. అతను ఏమంటాడో విన్నాక ఈ బరువు దిగుతుందనుకుంటున్నా అంది. అతని మీద కోపమంతా కుదించి కుదించి ఒక ప్రశ్న చేసుకుందట, రోజూ గిన్నెలు కడుగుతూ దాన్ని పైకి అనుకుంటుందట.

చెప్పలేదు. నోరు తెరిచి, రొట్టె బాగుందన్నాను.

ఫిబ్రవరి 10

మైదానం కలలోకి వచ్చింది. కంచె లేదు, గండి లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను, ఎటు చూసినా కనబడుతున్నాను.

ఫిబ్రవరి 12

పొద్దున్న పదింటికి ఐలి వచ్చింది, బండ్లు ట్రైలరుకి ఎక్కించడానికి. మెల్విన్ మధ్యాహ్నం వస్తానన్నాడు. నా బండి ఎక్కించాం, మెల్విన్‌ది ఎక్కించాం. తౌనో బండి తనే నడిపి ఎక్కించింది. సీటు మీద కూర్చుని కాసేపు దిగలేదు. తర్వాత దిగి పట్టీలు బిగించడం మొదలుపెట్టింది. నేను అవతలి పక్క పట్టీ పట్టుకుని ఉన్నాను.

ఎందుకు అప్పుడే చెప్పానో తెలీదు. ధైర్యం వచ్చి కాదు. భయం ఇంక పట్టడానికి చోటు లేక.

"ఐలీ, ఆ రోజు నేను చూపించింది పిడికిలి."

పట్టీ కటకటమని ఇంకో రెండు పళ్లు బిగించి ఆగింది.

"ఎందుకు?"

"బావ క్యాబిన్‌కి తిరిగాడనుకున్నా."

"అనుకున్నావా, చూశావా?"

"చూళ్లేదు."

"పోలీసులకి?"

"బొటనవేలని చెప్పా. నీకూ అదే చెప్పా."

సంచి తెచ్చి చూపించాను. అది ఎక్కడ దొరికిందో, ఎవరిదో చెప్పాను. పంపు సంగతి కూడా చెప్పాను, ఆ పెట్టె కూడా తెచ్చి ముందు పెట్టాను. హ్రిట్సాక్ ఫోన్లో అన్నదంతా చెప్పాను. చెప్పొద్దన్నాడు గాని చెప్పాను.

తను సంచి తీసుకుంది. ఫ్లాస్కు మూత విప్పి, వాసన చూసి, మళ్లీ బిగించింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును. ట్రైలరు అంచు మీద కూర్చుంది.

"ఆ మనిషికి మూడు ఉత్తరాలు రాశా. మొదటి రెండిట్లో ఏం రాశానో తెలుసా నీకు? నీ పెళ్లాం కూడా నీళ్లలో అరుస్తుంటే ఎవడో ఒకడు అలాగే వినకుండా పోవాలి అని రాశా. ఏ ఆడదాని గురించీ అలా రాయకూడదు. రాశా. వాటికి జవాబివ్వలేదు, తిట్టలేదు. రెండుసార్లూ సంతకం పెట్టి పంపా." సంచి ఒళ్లో పెట్టుకుని అంది: "అవన్నీ నువ్వు రాయించావన్నయ్యా నా చేత."

తౌనో గురించి ఒక్క మాటా అనలేదు. దానికి సిద్ధపడి ఉన్నాను, దీనికి కాదు.

ఇంక వెళ్లొద్దులే అన్నాను. నేనే ఫోను చేసి అతనికి నిజం చెప్పేస్తానన్నాను. ఇవాళే, ఇప్పుడే.

"ఫోన్లో కాదు" అంది. "శనివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరుతున్నాం. నువ్వొస్తావు. వాళ్లింట్లో, అతని మొహం చూసి నువ్వు చెప్తావు. నేను పక్కనే ఉంటా, నేను చెప్పుకోవాల్సింది నాకుంది. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

మిగిలిన పట్టీలన్నీ తనే బిగించింది. వదులుగా ఉన్న వాటిని ఒకటికి రెండుసార్లు చూసింది. సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 13

మెల్విన్‌కి చెప్పాను. వాడు టోపీ తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు. హోటల్లో వాళ్లకి నువ్వు చెప్తావా నేను చెప్పనా అన్నాడు. నేనే చెప్తానన్నాను, తిరిగొచ్చాక. వచ్చాక కాదురా, వెళ్లేముందు, అన్నాడు. వాడితో కలిసి వెళ్లాను. చెప్పాను. పెట్రోలు బంకు ముసలాయన కాఫీకి డబ్బులు పెట్టి లేచి వెళ్లిపోయాడు. వీపు తట్టినవాళ్లెవరూ తట్టలేదు. ఇంటికి నడిచి వచ్చాను.

మెల్విన్ ట్రక్కులో దింపుతాననలేదు.

ఫిబ్రవరి 14

సాయంత్రం హ్రిట్సాక్ ఫోను చేశాడు. అయిదు రోజులూ ఆకాశం తేటగా ఉంటుందట, గాలి లేదట, మీరు అదృష్టవంతులండీ అన్నాడు. వాళ్లావిడ రెండు రోజులుగా బంగాళాదుంప కూరిన పిండి ముద్దలు చేస్తోందట, రెండొందలు దాటాయట. దారిలో ఏమీ తినకుండా రమ్మంది అన్నాడు.

"ఆమె నన్ను నానా మాటలూ అన్నా ఫర్వాలేదండీ" అన్నాడు. "వింటా. విని తీరాలి కదా."

చెప్పెయ్యాలనిపించింది. నాలుక మీదికి వచ్చింది. ఫోన్లో అయితే అతని మొహం కనబడదు, వాళ్లావిడ కనబడదు, ఆ రెండొందల ముద్దలు కనబడవు. అందుకే చెప్పలేదు. రేపు రాత్రి తొమ్మిదికల్లా మీ ఇంటి ముందుంటామన్నాను.

అప్పుడు భోజనానికి కూర్చోబెడతారు. కూర్చోకుండానే చెప్పాలి. వాళ్లన్నం తిని చెప్పడం ఇంకో దొంగతనం.

ఫిబ్రవరి 15, శనివారం, ఆరున్నర

ఏం చెప్పాలో నిన్నటి నుంచి కాయితాల మీద రాస్తున్నాను. మొదటిది పేజీన్నర వచ్చింది. అందులో చలి ఉంది, తౌనోకి క్యాబిన్‌కి పోయే అలవాటుంది, అద్దంలో రెండుసార్లు చూడడం ఉంది. కొట్టేశాను. రెండోదాంట్లో నా బాధ ఉంది. ఏడాదిగా నిద్ర లేకపోవడం, కూడు సహించకపోవడం. అతనికెందుకు అది? కొట్టేశాను. మూడోది క్షమించమని మొదలయింది. వచ్చీ రాగానే అవతలివాణ్ణి ఏదో ఇమ్మని అడగడమే అది కూడా.

ట్రక్కు వచ్చింది. ఐలి హారను కొట్టలేదు. మెల్విన్ ముందు సీట్లో తన పక్కన కూర్చున్నాడు, వెనక సీటు ఖాళీగా ఉంచారు. పద్నాలుగు గంటలు. చెట్లు అయిపోయాక ఎలా ఉంటుందో చూడలేదెప్పుడూ.

చాలా భయంగా ఉంది. బూట్లు వేసుకుని రాస్తున్నాను. కొట్టెయ్యగా కొట్టెయ్యగా ఒక్క మాట మిగిలింది, అది కాయితం మీద లేకపోయినా మరిచిపోను. గుమ్మంలోనే, ఆయన చెయ్యి చాచే లోపే చెప్పాలి.

లోర్న్ గారూ, మీరు చూసింది నిజమే.